నలభై ఏడో బెర్తు

బ్రెజిల్ నుంచి వచ్చిన పత్రిక మూలని పసిపిల్ల నెస్సా నమిలేసిన సోమవారం నాడే రోనా ఆ వాక్యం దగ్గరికి వచ్చింది.

"అయ్యో, నా తల్లీ, అది తినేది కాదే!" అని బిడ్డ నోట్లోంచి తడి కాగితం వేలితో తీసి, మింగలేదు కదా అని రెండుసార్లు చూసి, మూడోసారి కూడా చూసి, అప్పుడు పత్రికని పై అరలో పెట్టింది. ఆ గోడ నిండా అలాంటివే. బ్రెజిల్, జపాన్, స్పెయిన్, ఫ్రాన్స్, హంగరీ. అన్నీ ఇంగ్లీషులో వచ్చేవే. ఐర్లండు చరిత్రా సాహిత్యమూ పట్టుకుని వేలాడే పత్రికలు ఇన్ని దేశాల్లో ఉన్నాయని ఇక్కడ పనిలో చేరేదాకా రోనాకి తెలియదు. వాళ్ల సంచిక వీళ్లకి, వీళ్ల సంచిక వాళ్లకి. దాన్ని 'మారకం గోడ' అంటారు. తన ముత్తాతల ఊరి పొలాల మీద, వాళ్ల ఆకలి మీద, వాళ్లు రాసుకున్న ఉత్తరాల మీద జపానులో ఎవరో పన్నెండేళ్లు కూర్చుని పనిచేశారని చదివితే ఆమెకి ఒళ్లు గగుర్పొడిచేది. వాళ్లకేం అవసరం? చుట్టమా, పక్కమా?

ఆస్ట్రేలియాలో, గీలాంగ్ ఐరిష్ క్లబ్బులో మేడమీది గది అది. కింద మధ్యాహ్నం భోజనానికి మాంసం పైలు వేడెక్కుతున్న వాసన మెట్లెక్కి వస్తోంది. జులై చలి. ఉన్న ఒక్క హీటరూ బిడ్డవైపు తిప్పి, రోనా కోటు విప్పకుండానే కంప్యూటరు ముందు కూర్చుంది. 'దక్షిణ తీరం' అనే ఈ ఐరిష్ అధ్యయనాల పత్రిక ఏడాదికి రెండుసార్లు వస్తుంది. వ్యాసాలని పేజీల్లోకి సర్దడం, ఫుట్‌నోట్లు అసలు కాగితాలతో సరిచూడడం, రాసినవాళ్ల పేర్లు తీసేసి అంకెలు వేసి సమీక్షకులకి పంపడం ఆమె పని. రాసిందెవరో తెలియకుండా చదివితేనే తీర్పు తిన్నగా ఉంటుందని నియమం.

ఈసారిది ముప్పయ్యో ఏటి సంచిక. సంపాదకుడు డాక్టర్ ఫింటన్ లెనిహన్ ఈ సంచికతో దిగిపోతున్నాడు. మొట్టమొదటి సంచికలో ఆయన రాసిన వ్యాసాన్నే మళ్లీ ముందు పేజీల్లో వేసి గౌరవంగా సాగనంపాలని కమిటీ అనుకుంది. పాతది కాబట్టి కంప్యూటర్లో లేదు. పుస్తకం చూసి రోనా మొత్తం టైపు చేస్తోంది. శుక్రవారం మూడు గంటలకి ప్రెస్సుకి పోవాలి.

1853లో ఐర్లండు జనాన్ని గీలాంగ్‌కి తెచ్చిన 'ఎమిలీ వేన్' అనే ఓడ గురించి ఆ వ్యాసం. పదకొండో పేజీలో ఇలా ఉంది: "నలభై ఏడో బెర్తులోని హొనోరా క్రిమిన్స్ తన ఐదు నెలల కూతురి పట్ల చూపిన ఉదాసీనత ఓడ వైద్యుణ్ణి సైతం కలవరపరిచింది. ఆమె పాలివ్వ నిరాకరించిన ఐదో రోజున బిడ్డ మరణించింది."

రోనా వేళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూసింది. నెస్సా తన సాక్సు తనే లాక్కుంటోంది.

అంకె సరిచూడాలి కాబట్టి వైద్యుడి డైరీ ఫోటోకాపీ తీసింది. అందులో బెర్తు అంకె చెరిగి, నలభై ఏడో నలభై ఒకటో తెలియకుండా ఉంది. ఆ ఓడ కాగితాలవే ఇంకో పెట్టె అడుగు అరలో ఉంది. దాని మీద లెనిహన్ చేతిరాత: 'సరుకుల చిట్టా. అవసరం లేదు.' పైన పేరుకున్న దుమ్ము చూస్తే ముప్పై ఏళ్లుగా ఎవరికీ అవసరం పడినట్టు లేదు.

మొదటి కాగితంలో ఏ బెర్తు ఎవరిదో పేర్లున్నాయి. నలభై ఏడు హొనోరాదీ, ఆమె కూతురు బ్రిజిడ్‌దీ. సరిపోయింది. పెట్టె మూసేయొచ్చు. కానీ తర్వాతి కాగితాల్లో పేర్లు లేకుండా ఉత్త బెర్తు అంకెలు, ఏ రోజు ఎవరికి ఏ సరుకు ఇచ్చారో. రోనా వేలు దానంతటదే 47 అంకె ఉన్న వరసల్లోకి జారింది.

మార్చి తొమ్మిది. 47: అవిసె పిండి, ఒక గరిటె. వేడినీళ్లు.

మార్చి తొమ్మిది. 47: అవిసె పిండి, ఒక గరిటె.

మార్చి పది. 47: అవిసె పిండి. కంబళి ఇంకొకటి. అరారూట్, పంచదార, బిడ్డకి.

అలా పదకొండూ, పన్నెండూ. అరారూట్ బిడ్డకి, అరారూట్ బిడ్డకి. పాలకి బదులు జావ, మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు.

అవిసె పిండి అంటే వాపు మీద వేసే వేడి పట్టు. ఒళ్లు వణుకు. ఇంకో కంబళి. రోనా చెయ్యి తెలియకుండానే తన ఎడమ రొమ్ము మీదికి వెళ్లింది. నెస్సా మూడు వారాల పిల్లగా ఉన్నప్పుడు అది రాయిలా గట్టిపడింది. నవంబరు ఎండలో రెండు దుప్పట్లు కప్పుకుని పళ్లు టకటకలాడుతూ పడుకుంటే, బిడ్డ ఏడుపు పక్కగదిలోంచి కాదు, సముద్రం అవతలినుంచి వస్తున్నట్టుండేది. ఇంటికొచ్చిన నర్సు బిడ్డ ఆరోగ్యం రాసే ఆకుపచ్చ పుస్తకంలో రాసి వెళ్లింది: 'తల్లి బిడ్డని ఎత్తుకోవడానికి సుముఖంగా లేదు. గమనించాలి.' ఆ పుస్తకం ఇంకా వంటింటి సొరుగులో ఉంది.

మార్చి పదమూడు, డైరీలో: బిడ్డ మృతి. చిట్టాలో ఆ రోజు 47 లేదు.

మార్చి పద్నాలుగు. 47: అరారూట్, వాడనిది, ఒక గరిటె. వాపసు.

రోనా లేచి వెళ్లి నెస్సాని ఎత్తుకుంది. సాక్సు లేని కాలు ఐసుముక్కలా ఉంది. ఆ పాదం అరచేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఇంకో నాలుగు రోజుల్లో 'ఉదాసీనత' అన్న మాట మళ్లీ అచ్చవుతుంది. దాన్ని తన చేత్తోనే టైపు చేసింది.

*

మంగళవారం పొద్దున్న బెర్నీ స్కలీ కవర్ల కట్టతో వచ్చింది. పోస్టాఫీసులో ముప్పై రెండేళ్లు ఉత్తరాలు వేరుచేసి రిటైరై, ఇక్కడికి ఊరికే వచ్చి పత్రికలు కవర్లలో పెడుతుంది. వచ్చేసరికి రోనా నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ మారకం గోడ సగం కిందికి దిగి ఉంది.

"ఏంటే పిల్లా, దెయ్యాన్ని చూసినట్టున్నావు?"

"చూశాను బెర్నీ. నూట డెబ్బై ఏళ్ల దెయ్యం."

"మన కమిటీలో అంతకంటే పాతవాళ్లున్నారు. చెప్పు, ఏంటి?"

రోనా మూడు పత్రికలు వరసగా పరిచింది. "ఇది స్పెయిన్‌ది, లెనిహన్ వ్యాసం చూసి రాశారు. 'ఉదాసీనురాలైన తల్లి' అన్నారు. ఇది బ్రెజిల్‌ది. స్పెయిన్‌ వాళ్లని చూసి రాశారు. 'నిర్లక్ష్యం చేసిన తల్లి' అయింది. ఇది జపాన్‌ది, బ్రెజిల్‌ వాళ్లని చూసి. 'బిడ్డను వదిలేసిన తల్లి.' ఒక్కరూ పెట్టె తెరవలేదు. దేశం మారిన కొద్దీ ఆమె పాపం పెరిగింది."

బెర్నీ కళ్లద్దాలు పెట్టుకుని చిట్టా మొత్తం చదివింది. పద్నాలుగో తేదీ దగ్గర అద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచింది. "మిగిలింది తిరిగిచ్చేసిందా? ఆ పరిస్థితిలో?" అంది. కాసేపటికి, "ఫింటన్‌కి చెప్పావా?"

"ఎలా చెప్పను? ఆయన సంచిక ఇది. నేను పదో తరగతి సగంలో మానేసినదాన్ని. ఆయనేమో డాక్టరు."

"ఆ డాక్టరు జ్వరం చూసే డాక్టరు కాదులే. నీకు తెలిసింది ఆయనకెక్కడ తెలుస్తుంది? పాలిచ్చాడా ఏమన్నా?"

మెట్లమీద దగ్గు వినిపించింది. లెనిహన్ తడిసిన టోపీ కొక్కేనికి తగిలించి, నెస్సాకి అలవాటుగా వంగి నమస్కారం పెట్టాడు. డెబ్బై రెండేళ్ల పొడుగాటి మనిషి. నేల మీది పత్రికలు చూసి, "ఎవరో మీద పడి దోచుకున్నట్టుందే!" అన్నాడు.

రోనా చెప్పింది. ఆయన నిలబడే విన్నాడు. ముఖంలో నవ్వు ఎక్కడ ఆగిపోయిందో ఆమెకి స్పష్టంగా కనిపించింది.

"ఆ చిట్టా చూశాను నేను. బియ్యం, బిస్కట్లు, ఉప్పు మాంసం," అన్నాడు.

"చూడలేదు డాక్టర్. చూస్తే పెట్టె మీద అలా రాసేవారు కాదు."

బెర్నీ కవర్లు సర్దడం ఆపేసింది.

"వైద్యుడు అక్కడ ఉన్నాడు రోనా. నువ్వూ నేనూ లేం."

"ఆయన రోజుకి ఒకసారి మెట్లు దిగొచ్చి చూసి వెళ్లేవాడు. ఆమె రోజుకి మూడుసార్లు జ్వరంతో సరుకుల కిటికీ దగ్గరికి నడిచింది. ఉదాసీనంగా ఉన్న మనిషి అన్నిసార్లు నడుస్తుందా? ఎత్తుకోవడం ఇష్టంలేక కాదు డాక్టర్, రొమ్ముకి బిడ్డ తల తగిలితేనే ప్రాణం పోతుంది. ఆ నొప్పి..." చెప్పేది ఆపి కిందికి చూసింది.

హీటరు టిక్కుమంటూ ఆగి మళ్లీ వెలిగింది.

"పునర్ముద్రణలో పాత మాటలు మార్చకూడదు. అది నియమం," అన్నాడు చివరికి, ముభావంగా. "నా వ్యాసాన్ని తప్పంటున్న మాట మీద నేను తీర్పు చెప్పకూడదు. అదీ నియమమే. నువ్వు రాయి. రెండు పేజీలు. పేరు తీసేసి నేనే ఇద్దరు సమీక్షకులకి పంపుతాను. వాళ్లు ఒప్పుకుంటే వేస్తాం. లేదంటే లేదు."

"నేనా? రాయడమా?"

"మరి పెట్టె తెరిచింది బెర్నీయా?" అని టోపీ తీసుకుని, టీ అయినా తాగకుండా వెళ్లిపోయాడు.

*

బుధవారం పొద్దున్న నెస్సా నిద్రపోయిన గంటన్నరలో, వంటింటి బల్ల మీద రోనా రాసింది. టోస్టు చల్లారి గట్టిపడింది. బేకరీ షిఫ్టు దిగి వచ్చిన భర్త లాక్లన్ బూట్లు గుమ్మంలోనే విప్పి, పిండి చేతులు కడుక్కుంటూ, "ఏం చేస్తున్నావ్?" అనడిగాడు.

"ఉద్యోగం పోగొట్టుకుంటున్నాను."

"సరే, టీ పెట్టనా?"

పెద్ద మాటలు రాయబోయి కొట్టేసింది. తనకి తెలిసిన మాటల్లో, ఏ తేదీన ఏం ఇచ్చారో, అది దేనికి వాడతారో, అంతే రాసింది. తన జ్వరం గురించి నాలుగు వాక్యాలు రాసి, చదివి, కాగితం అంత మేరా చింపేసింది. అది హొనోరా గురించిన కాగితం. మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్లి లెనిహన్ బల్ల మీద పెట్టింది. ఆయన కలం తీసి పై మూలన ఉన్న 'రోనా గాలిగన్' అన్న పేరు మీద అడ్డంగా గీత గీసి, '61' అని వేశాడు. ఎన్నో వందలసార్లు తను చేసిన పనే. తన పేరు మీద గీత పడితే ఇలా ఉంటుందని అనుకోలేదు. కానీ ఎందుకో భుజాలు తేలికయ్యాయి. ఇక ఆ కాగితం పదో తరగతి మానేసినామెది కాదు. ఎవరిదైనా కావచ్చు.

*

గురువారం పదిన్నరకి మొదటి జవాబు వచ్చింది. లెనిహన్ దాన్ని అచ్చుతీసి ఆమెకి ఇచ్చాడు. రెండు పేజీల వ్యాసానికి మూడు పేజీల సమీక్ష.

'అవిసె పిండి పట్టు దగ్గుకీ, ఊపిరితిత్తుల జ్వరానికీ కూడా వేసేవారు. ఆ తల్లికి వచ్చింది పాల జ్వరమే అనడానికి ఆధారమేది? రచయిత హృదయం సరైన చోటే ఉండవచ్చు. హృదయం ఆధారం కాదు. ఈ రూపంలో ప్రచురణార్హం కాదు.'

రోనా కాగితం మడిచి బిడ్డ సంచిలో డైపర్ల కింద పెట్టేసింది. "చెప్పాను కదా డాక్టర్. నాలాంటి దానికెందుకివన్నీ? పాత వ్యాసం టైపింగ్ అయిపోయింది. రేపు పంపేస్తాను."

"అది ఇలా తీసుకురా," అన్నాడు లెనిహన్. "తిరస్కారం అనుకుంటున్నావా దీన్ని? నచ్చనివాడు మూడు ముక్కల్లో తేల్చి పారేస్తాడు. ఈ మనిషి నిద్ర మానుకుని చదివాడు. ఏం కావాలో అడిగాడు. ఆధారం కావాలంటున్నాడు." చొక్కా చేతులు పైకి మడిచాడు. "చిట్టా ఏదీ?"

ఇద్దరూ బల్లకి ఒకేవైపు కూర్చున్నారు. ఆయన చూపుడువేలు గీతగీతకీ ఆగుతూ కదిలింది. ముప్పై ఏళ్ల కిందట కదలాల్సిన వేలు అది. నెస్సా బల్ల కింద ఆయన బూటు లేసు నమిలింది. ఎవరూ పట్టించుకోలేదు.

"ఇదేంటి?" అన్నాడు. మార్చి పదకొండు. 47: గాజు గిన్నె, ఒకటి. అరువు.

"తాగడానికేమో అనుకున్నాను."

"తాగడానికి ఓడలో అందరికీ తగరపు లోటాలే. గాజువి..." ఆయన లేచి, వైద్యుడి డైరీ వెనక పేజీలు గబగబా తిప్పాడు. ఆ డైరీ ఆయనకి కంఠతా వచ్చు. చివరి పేజీలో, ఓడ బయల్దేరే ముందు వైద్యుడు ఎక్కించుకున్న సామాను జాబితా ఉంది. లెనిహన్ దాని మీద వేలు పెట్టి, రోనా వైపు జరిపి, తను కిటికీ వైపు తిరిగాడు.

'గాజు గిన్నెలు, రెండు. బాలింతల రొమ్ము గట్టిపడినప్పుడు పాలు తీయుటకు.'

"వైద్యుడి దగ్గర ఉన్నవే రెండు," అన్నాడు లెనిహన్, అటే తిరిగి. "ఒకటి ఆమెకి ఆయనే ఇప్పించాడు. ఆ రోజే డైరీలో ఉదాసీనత అని రాశాడు. నేను ఈ పేజీ కనీసం ఇరవైసార్లు చదివి ఉంటాను రోనా. ఏ బెర్తుకి వెళ్లిందో చూడలేదు."

రోనా సంచిలోంచి బిస్కట్టు తీసి ఆయన చేతికిచ్చింది. అది నెస్సా బిస్కట్టు. ఆయన చూసుకోకుండా కొరికి, "ఇదేంటి, చప్పగా?" అన్నాడు. బెర్నీ గుమ్మంలో నిలబడి పగలబడి నవ్వింది.

ఆ వాక్యం చేర్చి పంపిన రెండు గంటలకి మొదటి సమీక్షకుడి జవాబు వచ్చింది. ఒకే మాట: 'వేయండి.' సాయంత్రం నాలుగింటికి రెండోది.

'రచయిత మంత్రసాని అయినా అయి ఉండాలి, వైద్యురాలైనా అయి ఉండాలి. ఎవరైనా సరే, ఇంత శుభ్రమైన రెండు పేజీలు ఈమధ్య చదవలేదు. పేర్లు దాచాలన్న నియమం తెలిసే ఒకటి ఒప్పుకుంటున్నాను. ఆమెని 'బిడ్డను వదిలేసిన తల్లి' అని మా పత్రికలో రాసింది నేనే. పెట్టె తెరవకుండా రాశాను. మా తర్వాతి సంచికలో సవరణ వేస్తాను.'

"జపాను!" అంది బెర్నీ. "ముసుగు తనే తీసేశాడు, పాపం."

*

శుక్రవారం పన్నెండింటికి పేజీలన్నీ సిద్ధమయ్యాయి. రోనా ఒక్కటి అడగడానికి పొద్దుట్నుంచీ తచ్చాడుతోంది.

"మీ వ్యాసం తీసేయాలా డాక్టర్? కమిటీతో నేను మాట్లాడనా?"

"తీసేయడమేంటి? ఒక్క అక్షరం మార్చకుండా వెయ్యి. తప్పు ఎలా చేస్తామో పిల్లలకి తెలియొద్దా?" అన్నాడు లెనిహన్. "కాకపోతే ముందు పేజీల్లో కాదు. ముందు నీది. దాని వెనకాల నాది."

"సాగనంపే సంచిక కదండీ!"

"బాగానే సాగనంపుతున్నారు. ముప్పై ఏళ్లు నడిపిన పత్రిక నా తప్పే పట్టుకుంది. ఇంకేం కావాలి నాకు?" ఆ మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. రోనా వెతికి మరీ చూసింది.

వ్యాసం కింద రాసినవాళ్ల పేరూ, పేరు కింద వాళ్ల విశ్వవిద్యాలయం ఉండాలి. మిగతా ఎనిమిదిమందికీ ఉన్నాయి. రోనా పేరు కింద ఖాళీ.

"క్లబ్బు మేడమీది గది, మాంసం పైల వాసన వచ్చేది అని పెట్టు," అంది బెర్నీ.

"ఖాళీగా వదిలేద్దాం డాక్టర్. పరవాలేదు."

లెనిహన్ ఆమె పక్కనుంచి వంగి, రెండు వేళ్లతో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు: 'దక్షిణ తీరం, గీలాంగ్.' "నువ్వు పనిచేసేది ఇక్కడే కదా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లి టీ పెట్టాడు.

పేజీలు రెండుంబావుకే ప్రెస్సుకి వెళ్లిపోయాయి. ఇక మిగిలింది చీటీల పని. పాత సంచికలో తప్పు దొరికితే, ఆ సంచిక ఉన్న ప్రతి గ్రంథాలయానికీ, మారకం పత్రికలన్నిటికీ, ఆ పేజీలో అంటించమని సవరణ చీటీ పంపడం పత్రిక మొదలైననాటి ఆచారం. చీటీ మీద మాటలు లెనిహన్ రాశాడు: 'మొదటి సంచిక, పదకొండో పేజీ. హొనోరా క్రిమిన్స్ గురించి ఇక్కడ నేను రాసింది తప్పు. ఆమె తన బిడ్డని బతికించుకోవడానికి చేయగలిగిందంతా చేసింది. ఆధారం: రోనా గాలిగన్, ముప్పయ్యో ఏటి సంచిక, ఒకటో పేజీ. - ఫింటన్ లెనిహన్.'

బెర్నీ చిరునామాలు చదువుతూ కవర్లు పేర్చింది. సావో పావులో. క్యోటో. సలమాంకా. లీల్. బుడాపెస్ట్. "చూశావుటే, ఆ తల్లి మీద నింద ఎన్ని ఊళ్లు తిరిగిందో! ఈ చీటీ కూడా అన్ని ఊళ్లూ తిరగాలి మరి," అంటూ ఒక్కో కవరు అంచూ నాలికతో తడిపింది.

ఆఫీసు ప్రతిలో చీటీ లెనిహన్ తనే అంటించాడు. జిగురు కుంచెతో పలచగా రాసి, చీటీ వంకర పోకుండా పెట్టి, బొటనవేలితో ఒకవైపునుంచి ఇంకోవైపుకి నొక్కుతూ వచ్చాడు. ఆరిందాకా వేలు తీయలేదు.

తర్వాత అడుగు అరలోంచి ఆ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. 'సరుకుల చిట్టా. అవసరం లేదు.' జేబులోంచి కలం తీసి రెండో వాక్యం కొట్టేశాడు. ఆ కింద రాయబోయి ఆగి, కలం రోనా చేతికిచ్చాడు.

నెస్సా అప్పటికే ఆకలికి గునుస్తోంది. రోనా బిడ్డని ఎడమ చంకలోకి మార్చుకుని, కుడిచేత్తో, పిల్లల పలకరాతంత పెద్ద అక్షరాల్లో రాసింది: '47. హొనోరా క్రిమిన్స్. కూతురు బ్రిజిడ్, ఐదు నెలలు.'

పెట్టెని అడుగు అరలో పెట్టలేదు. మారకం గోడకి మధ్యలో, చెయ్యి చాస్తే అందేచోట పెట్టింది. అప్పుడు హీటరు దగ్గర నేల మీద కూర్చుని కోటు గుండీలు విప్పింది. లెనిహన్ కవర్ల కట్ట చంకలో పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి, పోస్టుకి వెళ్లాడు.